ముగ్గురు వేర్వేరు మనుషులు నాలో ఒకే లోపం చెప్పారు. నమ్మాలా?

సముద్రపుగాలి
వైజాగ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో టీమ్ లీడ్‌ని. మొన్న అప్రైజల్‌లో మా మేనేజర్ అన్నీ బాగున్నాయంటూనే చివర్లో ఒక మాట అన్నారు: "నీ టీమ్‌లో వాళ్లు సమస్య వస్తే నీ దగ్గరికి రావడానికి జంకుతున్నారు." ఆ వారంలోనే మా చెల్లెలు ఫోన్‌లో మాటల మధ్య, "అక్కా, నీకు ఏదైనా చెప్పాలంటే ముందు ప్రాక్టీస్ చేసుకోవాలి" అంది. మా ఆయన్ని అడిగితే కాసేపు ఆగి, "కొన్ని విషయాలు నీతో చెప్పడం మానేసి చాలా కాలమైంది" అన్నారు.

మా మేనేజర్‌కి మా చెల్లెలు ఎవరో కూడా తెలియదు. ముగ్గురికీ నా దగ్గర జవాబులు సిద్ధంగా ఉన్నాయి. టీమ్‌లో సగం మంది ఫ్రెషర్లు, భయం సహజం. చెల్లెలు చిన్నప్పటి నుంచీ సెన్సిటివ్. ఆయనకి మాట్లాడటమే తక్కువ. ఆ జవాబుల్లో ఏదీ అబద్ధం కాదు. అయినా నిద్ర పట్టట్లేదు.

రెండు ప్రశ్నలు. ఇది నిజంగా నా స్వభావంలో లోపమా, లేక వాళ్లు నన్ను చూసే తీరా అని ఎలా తేల్చుకోవాలి? లోపమే అయితే ముప్పై దాటాక స్వభావం మారుతుందా? "పాజిటివ్‌గా ఆలోచించు" లాంటి సలహాలు దయచేసి వద్దు.

పాలమూరుపిల్ల
సంబంధం లేని మనుషులు ఒకే మాట అన్నారంటే సగం జవాబు అక్కడే ఉందక్కా.

నిప్పురవ్వ
ఆగండాగండి. ఆఫీసు మాటని ఇంట్లో మాటతో కలిపేయకండి. గట్టిగా పని చేయించే మగ లీడ్‌ని "స్ట్రాంగ్" అంటారు. అదే ఆడ లీడ్ అయితే "దగ్గరికి వెళ్లాలంటే భయం" అంటారు. ఎన్నో ఆఫీసుల్లో చూశాను. మీ మేనేజర్‌ని ఒక్కటి అడగండి: ఎవరు, ఎప్పుడు, ఏ విషయం చెప్పడానికి జంకారు? పేర్లు చెప్పక్కర్లేదు, సంఘటన చెబితే చాలు. అది కూడా చెప్పలేకపోతే ఆ కామెంట్‌ని అక్కడే వదిలేయండి.

సముద్రపుగాలి
@నిప్పురవ్వ నాకూ మొదట అదే అనిపించింది. కానీ మా చెల్లెలికి నా అప్రైజల్‌తో పనిలేదు కదా.

డల్లాస్‌బాబాయ్
ఈ పోస్టు మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెడితే ప్రతి ఒక్కరూ ఇది పక్కవాళ్ల గురించే అనుకుని దండం బొమ్మ పెడతారు 😀

తెనాలిమాస్టారు
చాలా ఏళ్లు హైస్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా స్టాఫ్ రూమ్‌లో ప్రతి ఒక్కరి దగ్గరా తన లోపానికి ఒక సమర్థన ఉండేది. "నాకు కోపం ఎక్కువే గానీ మనసు వెన్న." "నేను ముక్కుసూటి మనిషిని, లోపల ఒకటి పైకి ఒకటి ఉండదు." అందరం అలా అనేవాళ్లమే.

ఒక సహోద్యోగి పిల్లల్ని నోటికొచ్చినట్టు తిట్టేవారు. ఎవరైనా అడిగితే "కోపం వస్తే నాకు ఒళ్లు తెలియదండీ" అనేవారు. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి అందరి ముందూ ఆయన మీద అరిచి రిజిస్టరు బల్ల మీదికి విసిరేశారు. మా సహోద్యోగి వంగి, రిజిస్టరు సర్ది, "సరేనండి" అని నిలబడ్డారు. నాకు ఆ రోజు ఒళ్లు జలదరించింది. ఆ కోపానికి ఎవరి మీద రావాలో, ఎవరి మీద రాకూడదో బాగా తెలుసు. తిట్లు తిన్నవాళ్లు పన్నెండేళ్ల పిల్లలు.

అందుకే అమ్మా, మీకు నేను చెప్పే పరీక్ష ఇది. ఏది మీ స్వభావం అంటున్నారో అది మీ పైవాళ్ల ముందు కూడా అలాగే ఉంటుందా? మీ మేనేజర్ సగం మాటలో ఉండగా ఆపుతారా? ఆయన చెప్పేది తప్పని తెలిసినా చివరిదాకా వింటారా? వింటే, వినే శక్తి మీలో ఉన్నట్టే. ఆ ఓపిక ఎవరికి దక్కుతోంది, ఎవరికి దక్కట్లేదు అన్నదే చూసుకోవాలి. ముప్పై దాటాక మారుతుందా అన్నదానికీ జవాబు ఇందులోనే ఉంది. రోజులో కొంతసేపు మీరు ఇప్పటికే ఆ మారిన మనిషిగా ఉంటున్నారు.

గుంటూరుమిర్చి
మాస్టారూ, ఈ పరీక్ష మా ఇంట్లో ఒకాయనకి అర్జెంటుగా పెట్టాలి.

పాలమూరుపిల్ల
@గుంటూరుమిర్చి గురివింద గింజ సామెత గుర్తుందా 🙂 ముందు మనం రాద్దాం ఆ పరీక్ష.

లెక్కలపిచ్చి
"నమ్మాలా" అన్నదానికి సైకాలజీ పరిశోధనలు కొంత పనికొస్తాయి. 1981లో ఓలా స్వెన్సన్ అనే స్వీడన్ పరిశోధకుడు డ్రైవింగ్ గురించి అడిగితే, అమెరికన్లలో 93 శాతం మంది బృందంలో సగం మంది కంటే తామే బాగా నడుపుతామన్నారు. లెక్క ప్రకారం అది కుదరదు. 1999లో కార్నెల్ యూనివర్సిటీలో క్రూగర్, డన్నింగ్ ఇద్దరూ వ్యాకరణం, తర్కం లాంటి వాటి మీద పరీక్షలు పెట్టారు. అట్టడుగున ఉన్న పాతిక శాతం మంది సగటున 12వ పర్సంటైల్‌లో ఉంటే (అంటే వందలో పన్నెండు మందిని మాత్రమే దాటితే), వాళ్లు తమని 62 దగ్గర ఊహించుకున్నారు.

మీ కేసుకి దగ్గరగా ఉన్నది సిమీన్ వజీర్ 2010లో ప్రచురించిన పని. ఆందోళన, బెంగ లాంటి లోపలి సంగతులు మన గురించి మనకే బాగా తెలుస్తాయి. తెలివి, సృజన లాంటివి, అంటే ఒప్పుకోవడానికి అహం అడ్డొచ్చే గుణాల్లో మాత్రం స్నేహితుల అంచనా మన అంచనా కంటే సరిగ్గా వచ్చింది. మీకు లోపల ఎంత టెన్షన్ ఉందో మీ మాటే ఫైనల్. మీరు ఎదుటివాళ్లకి ఎలా తగులుతున్నారో మాత్రం తగిలినవాళ్లనే అడగాలి.

ఓరుగల్లుబిడ్డ
@లెక్కలపిచ్చి నువ్వు చెప్పినవాటిలో ఎక్కువ భాగం అక్కడి కాలేజీ పిల్లల మీద చేసినవే. మన ఇళ్ల లెక్క వేరు. చిన్నప్పటి నుంచి మా ఇంట్లో, చుట్టాల ఇళ్లలో అందరూ నన్ను "మొండిది, పొగరుబోతు" అన్నారు. ముగ్గురు కాదు, కనీసం ముప్పై మంది. నేను నమ్మేశాను. పెళ్లయ్యాక అందరి దగ్గరా తలూపడం అలవాటు చేసుకున్నాను. మస్తు మంచిపేరు వచ్చింది. కానీ నా కూతురు స్కూల్లో ఎవరైనా ఏడిపిస్తే నోరెత్తకుండా ఇంటికొచ్చి ఏడుస్తోంది, అచ్చం నన్ను చూసి నేర్చుకుంది. వెనక్కి తిరిగి చూస్తే నా "పొగరు" ఏంటంటే, డిగ్రీ చదువుతానని పట్టుబట్టడం, అన్నతో సమానంగా ప్లేట్లో వడ్డించమని అడగడం. అది లోపమా?

ఎంతమంది అన్నారన్నది నాకు ముఖ్యం కాదు. ఆ లోపం పోతే ఎవరికి లాభం అన్నది చూస్తాను. నేను మెత్తబడితే లాభం నాకు కాదు, చాకిరీ చేయించుకునేవాళ్లకి.

నిప్పురవ్వ
@ఓరుగల్లుబిడ్డ చప్పట్లు. నేను చెప్పాలనుకున్నది ఇదే.

లెక్కలపిచ్చి
@ఓరుగల్లుబిడ్డ ఒప్పుకుంటాను. డన్నింగ్, క్రూగర్ల ఫలితంలో కొంత భాగం కేవలం గణాంకాల లెక్క వల్ల అలా కనిపిస్తోందని వాదించేవాళ్లూ ఉన్నారు. కానీ తేడా ఒకటి ఉంది. మీ వాళ్లు అన్నది "నువ్వు ఇలాంటిదానివి" అని. సముద్రపుగాలి గారి వాళ్లు అన్నది "నీ దగ్గర మాకు ఇలా అవుతోంది" అని. రెండోదాన్ని తోసిపుచ్చడం కష్టం. వాళ్లకి అలా అవుతోందో లేదో వాళ్లకే తెలుసు.

ఓరుగల్లుబిడ్డ
అది నిజమే.

అమరావతిగట్టు
ఈ చర్చ చూస్తుంటే బౌద్ధ సంఘంలో ఒక పద్ధతి గుర్తొచ్చింది. నాగార్జునకొండలో, అమరావతిలో మనం శిథిలాలుగా చూసే విహారాల్లో భిక్షువులు ఉన్నప్పుడు పాటించాల్సిన నియమం. వానాకాలం మూడు నెలలు అందరూ ఒకేచోట ఉంటారు. ఆ వర్షావాసం ముగిసే రోజున "ప్రవారణ" అని చేస్తారు. ప్రతి భిక్షువూ సంఘం ముందు కూర్చుని, నాలో మీరు చూసిన తప్పు గానీ, విన్నది గానీ, అనుమానించినది గానీ ఉంటే దయతో చెప్పండి, తెలిస్తే దిద్దుకుంటాను అని తనంతట తానే కోరతాడు. ఇప్పటికీ శ్రీలంక, థాయ్‌లాండ్ లాంటి థేరవాద బౌద్ధ దేశాల్లో జరుగుతుంది.

ఇందులో నాకు బాగా నచ్చేది వరస. ముందు అడగాల్సింది అందరికంటే పెద్ద భిక్షువు. తర్వాత కిందివాళ్లు. మన ఇళ్లలో, బళ్లలో, ఆఫీసుల్లో లోపాలు చెప్పడం ఎప్పుడూ పైనుంచి కిందికే. అత్తగారు కోడలికి చెప్తుంది, మాస్టారు పిల్లాడికి చెప్తాడు, మేనేజర్ టీమ్‌కి చెప్తాడు. ఓరుగల్లుబిడ్డ గారికి జరిగింది అదే కదా. ఏ మావగారైనా సంక్రాంతికి ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి "ఈ ఏడాది నావల్ల మీకేం కష్టం కలిగింది" అని మొదట తాను అడిగారా? మీరు లీడ్ కాబట్టి, అక్క కాబట్టి, అడగాల్సిన మొదటి మనిషి మీరే.

డల్లాస్‌బాబాయ్
మా మావగారు అలా అడిగితే మేం ముందు డాక్టర్‌కి ఫోన్ చేస్తాం.

వంటింటికబుర్లు
అడగడం మంచిదే గానీ ఎలా అడుగుతారన్నది ముఖ్యం అమ్మా. "నాలో లోపాలేంటి చెప్పండి" అని మొగుణ్ణి అడిగితే రెండే జరుగుతాయి. ఒకటి, "అబ్బే ఏం లేవు" అని టీవీ సౌండ్ పెంచుతాడు. రెండోది, పెళ్లినాటి నుంచి లెక్క తీస్తాడు. రెండూ మనకి పనికిరావు.

చిన్నది అడగండి. "నిన్న రాత్రి భోజనాల దగ్గర మీరేదో చెప్పబోయి ఆగిపోయారు. నేనేం అన్నాను అప్పుడు?" ఇలా. ఒక్క పూట, ఒక్క మాట. ఆయన చెప్పాక మీరు ఒక్క ముక్క కూడా వివరణ ఇవ్వకూడదు. "అది కాదండీ, నేను అన్నది..." అని మొదలుపెట్టారా, మళ్లీ జన్మలో చెప్పరు. "సరే, ఆలోచిస్తాను" అని లేచి గిన్నెలు సర్దుకోండి. చెప్పాల్సింది ఉంటే మర్నాడు చెప్పండి. మా ఇంట్లో ఈ పద్ధతి పెట్టుకున్నాక మా ఆయన తన ఉద్యోగంలో గొడవ గురించి మొదటిసారి నోరు విప్పారు. నెలల తరబడి ఒక్కరే మోశారని అప్పుడే తెలిసింది.

నైట్‌డ్యూటీ
సైకియాట్రీ వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. స్వభావం మారుతుందా అన్న ప్రశ్నని మాస్టారు తప్ప అందరూ దాటేశారు కాబట్టి రాస్తున్నాను.

మారుతుంది. పూర్తిగా వేరే మనిషి అయిపోరు, కానీ కొలవగలిగినంత మారుతుంది. 2017లో బ్రెంట్ రాబర్ట్స్ బృందం అప్పటిదాకా వచ్చిన 207 అధ్యయనాలు కలిపి చూసింది. థెరపీ లాంటి ప్రయత్నాలు సగటున 24 వారాలు సాగిన చోట స్వభావంలో మార్పు కనిపించింది. అన్నిటికంటే ఎక్కువ మారింది భావోద్వేగాల నిలకడ, అంటే ఊరికే చిరాకు, భయం, ఆవేశం రావడం తగ్గడం. ఆ మార్పు ఆ తర్వాత కూడా చాలావరకు నిలిచింది.

ఇంట్లో చేసుకోగలిగింది ఏంటంటే, ఒక నోట్‌బుక్‌లో రోజూ పడుకునే ముందు ఒక్క సంఘటన రాయండి. ఏం జరిగింది, ఆ క్షణంలో మనసులో ఏ మాట మెదిలింది, నేనేం చేశాను, ఎదుటివాళ్లు ఏం చేశారు. అంతే. తీర్పులు రాయొద్దు, "నేను చెడ్డదాన్ని" అని అసలే రాయొద్దు. కొన్నాళ్లకి ఒకే మాట మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. చాలామందికి అది "నన్ను తక్కువ చేస్తున్నారు" అనో, "టైమ్ వేస్ట్ అవుతోంది" అనో ఉంటుంది. లోపం అక్కడుంది, నోటి దగ్గర కాదు. అది దొరికాక "ఎప్పుడైతే ఇలా అవుతుందో అప్పుడు ఇది చేస్తాను" అని ముందే ఒక వాక్యం రాసి పెట్టుకోండి. "ఇకనుంచి ఓపికగా ఉంటాను" అన్న తీర్మానం కంటే ఇలాంటి ఖచ్చితమైన వాక్యం బాగా పనిచేస్తుందని గోల్‌విట్జర్ అనే సైకాలజిస్టు పరిశోధనలు చూపించాయి.

ఒక హెచ్చరిక కూడా. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు ఈ పని ఒంటరిగా చేయకూడదు. వాళ్లకి తమలో లోపాలు తప్ప ఇంకేం కనపడవు. చిన్న పొరపాటుకి కూడా "నేను ఎందుకూ పనికిరాను" దాకా వెళ్తారు. సముద్రపుగాలి గారూ, నిద్ర పట్టట్లేదన్నారు. అది వారాల తరబడి ఉంటే, తిండి, పని మీద ఆసక్తి తగ్గితే ముందు అది చూపించుకోండి. టెలి మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు. 2022లో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య సేవ, తెలుగులో మాట్లాడతారు.

సముద్రపుగాలి
@నైట్‌డ్యూటీ థాంక్స్ అండి. నిద్ర ఈ అప్రైజల్ తర్వాతే పోయింది, మిగతా అంతా బాగానే ఉంది. నంబర్ సేవ్ చేసుకున్నాను.

గుంటూరుమిర్చి
ఇందాక సరదాగా అన్నాను గానీ ఇది సీరియస్‌గా రాస్తున్నాను. అందరూ "గుర్తించడం" గురించే మాట్లాడుతున్నారు. మా ఆయన గుర్తిస్తారు. ప్రతిసారీ గుర్తిస్తారు. వస్తువులు విసిరేస్తారు, నోటికొచ్చింది అంటారు, మర్నాడు పొద్దున్నే కూర్చుని ఏడుస్తారు. "నాలో ఈ లోపం ఉంది, మా నాన్న నుంచి వచ్చింది, నాకు తెలుసు" అని ఎంత చక్కగా చెప్తారంటే వినేవాళ్లకి జాలేస్తుంది. మళ్లీ కొన్ని రోజులకి అదే. ఇప్పుడు ఆ ఏడుపు చూస్తే నాకు జాలి రావట్లేదు, భయమేస్తోంది. తన లోపం గురించి ఇంత బాగా తెలిసిన మనిషి మారకపోతే ఇంకేం చేయాలి?

తెనాలిమాస్టారు
తల్లీ, ఒప్పుకోవడం ఆయనకి ఖర్చు లేని పని అయిపోయింది. ఏడిస్తే మీరు క్షమిస్తారు, ఇంట్లో వాతావరణం చల్లబడుతుంది, కథ మొదటికి వస్తుంది. ఆయన మాటలు ఇక లెక్కపెట్టకండి. డాక్టర్ దగ్గరికి వెళ్లారా? తాగుడు ఉంటే మానడానికి ఎక్కడైనా చేరారా? పగలగొట్టిన వస్తువు తన డబ్బుతో, తన కాళ్లతో వెళ్లి తెచ్చారా? అవేవీ లేకపోతే ఆయన ఇంకా ఏమీ మొదలుపెట్టనట్టే.

నిప్పురవ్వ
@గుంటూరుమిర్చి ఆయన స్వభావాన్ని బాగుచేయడం మీ డ్యూటీ కాదు. విసిరే వస్తువు రేపు మీకు తగలొచ్చు. 181 మహిళా హెల్ప్‌లైన్ ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది. పుట్టింటివాళ్లకో, నమ్మకమైన ఒక్కరికో ఈ సంగతి తెలిసి ఉండాలి. తెలుసా?

గుంటూరుమిర్చి
అన్నయ్యకి తెలుసు.

నైట్‌డ్యూటీ
మిర్చి గారూ, మీకు ప్రైవేట్ మెసేజ్ పెట్టాను, చూడండి. మాస్టారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. తాగుడు మానేవాళ్ల కోసం 1935లో అమెరికాలో మొదలైన ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) సంఘాల పన్నెండు మెట్లలో, తన లోపాలు జాబితా రాసుకోవడం నాలుగో మెట్టు. ఎవరికి హాని చేశామో వాళ్ల పేర్లు రాయడం ఎనిమిదోది. వెళ్లి ఆ నష్టం సరిదిద్దడం తొమ్మిదోది, అది కూడా అవతలివాళ్లకి మళ్లీ హాని జరగదు అనుకుంటేనే. మీవారు నాలుగు దగ్గరే మళ్లీ మళ్లీ తిరుగుతున్నారు.

సముద్రపుగాలి
కొన్ని రోజులు రాలేకపోయాను. అన్నీ చదివాను. వంటింటికబుర్లు గారు చెప్పినట్టే మా చెల్లెల్ని ఒక్క సంఘటన అడిగాను. తను ఇల్లు మారిన సంగతి చెప్పిన రోజు గురించి చెప్పింది. "కొత్త ఇల్లు తీసుకున్నాం అక్కా" అనగానే నేను అద్దె ఎంత, అగ్రిమెంట్ చదివావా, నీళ్ల సంగతి కనుక్కున్నావా అని వరసగా అడిగానట. "నేను సంతోషం చెప్పడానికి ఫోన్ చేశాను, నువ్వు తనిఖీ చేశావు" అంది. నేను ఎప్పుడూ అది ప్రేమే అనుకున్నాను. ఇప్పటికీ ప్రేమే అనుకుంటున్నాను. కానీ తనకి అలా చేరలేదు.

మేనేజర్‌ని నిప్పురవ్వ గారు చెప్పినట్టు సంఘటన అడిగితే, ఒకటి స్పష్టంగా చెప్పారు. ఒక అబ్బాయి తప్పు కోడ్ లైవ్‌లోకి వెళ్లిందని గుర్తించి కూడా రాత్రంతా తనే సరిచేసుకోవాలని చూశాడట. నాకు చెబితే "టెస్ట్ చేయలేదా, రివ్యూ ఎవరు చేశారు" అని ముందు అవే అడుగుతానని. చెప్పి ఉంటే పది నిమిషాల పని. ఇక్కడ ఆడ, మగ తేడా నాకు కనిపించలేదు. ఇప్పుడు ఆఫీసులో ఏం చేయాలి?

నిప్పురవ్వ
సంఘటన చెప్పారంటే ఆ మేనేజర్ నిజాయితీగానే అన్నారు. మంచిదే. అయితే అదే స్కేలు మీ తోటి మగ లీడ్లకి కూడా పెడుతున్నారా అన్నది మాత్రం గమనిస్తూ ఉండండి. అది నేను వదలను.

లెక్కలపిచ్చి
ఎవరైనా సమస్య తెస్తే మీ మొదటి వాక్యం ముందే నిర్ణయించుకోండి. "చెప్పినందుకు థాంక్స్. ఇప్పుడు ముందు ఏం ఆపాలి?" తప్పు ఎవరిది అన్నది సమస్య తీరాక, మర్నాడు. మీటింగుల్లో అందరూ మాట్లాడాక చివర మాట్లాడండి.

తెనాలిమాస్టారు
ఆ అబ్బాయిని పిలిచి ఒకసారి మాట్లాడండి. తప్పు కోడ్ గురించి కాదు, ఆ రాత్రి గురించి.

పాలమూరుపిల్ల
నాదొక డౌటు. అడిగినవాళ్లకి చెప్పడం సరే. అడగనివాళ్లకి? మా తమ్ముడు అందరి దగ్గరా చేబదులు తీసుకుని మర్చిపోతాడు. చెడ్డవాడు కాదు, నిజంగానే మర్చిపోతాడు. ఫ్రెండ్స్ ఒక్కొక్కరూ దూరమవుతున్నారు, ఎందుకో వాడికి అర్థం కావట్లేదు. నేను చెప్పొచ్చా?

అమరావతిగట్టు
@పాలమూరుపిల్ల భిక్షువుల నడవడికి పెట్టిన నియమాల్లో (వాటిని "వినయ" అంటారు) దీనికీ జవాబు ఉంది. తప్పు ఎత్తి చూపే ముందు "నీతో ఒక మాట చెప్పాలనుకుంటున్నాను, అవకాశం ఇస్తావా" అని అనుమతి అడగాలి. చెప్పేవాడు ముందు తనలో ఐదు చూసుకోవాలి: సరైన సమయంలో చెప్తున్నానా, నిజం చెప్తున్నానా, మెత్తగా చెప్తున్నానా, అతనికి మేలు చేసేదేనా, స్నేహంతోనే చెప్తున్నానా. వాడి ఫ్రెండ్స్ ముందు మాత్రం వద్దు.

వంటింటికబుర్లు
మొత్తం లిస్టు చదవకు. ఒక్కరి పేరు, ఒక్క బాకీ చెప్పు. అది తీరాక రెండోది.

పాలమూరుపిల్ల
సరే. "నీతో ఒక విషయం మాట్లాడాలి, ఎప్పుడు వీలు?" అని ఇప్పుడే మెసేజ్ పెట్టాను. "డబ్బులు కావాలా అక్కా?" అని రిప్లై ఇచ్చాడు. కాదన్నాను. ఆదివారం భోజనానికి వస్తానన్నాడు.